నడివయసున సైకిలు నేర్చుట

మొక్కై వంగనిది మానై వంగునా యని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. బిడ్డల పెంపకమును గూర్చి పుట్టిన సామెత యిది. కాని పెద్దవారి సోమరితనమును కప్పిపుచ్చుటకును, పెద్ద వయసున నేర్వబూనినవారిని చూచి నవ్వుటకును ఇది ఉపయోగపడినంతగా బిడ్డల పెంపకమునకు ఉపయోగపడలేదు. నలువది యేండ్ల గృహిణి పలక పట్టినను, ఏబది యేండ్ల రైతు సంతకము నేర్వబూనినను, వీథిలో నెవరో యొకరు ఈ మాటను సిద్ధముగా నుంచుకొందురు. మాను వంగదనుట నిజమే. మనుష్యుడు మాను కాడనుటయు అంతే నిజము.

పెద్ద వయసున నేర్చుట తగునా, తగినచో నేర్పువారు వారియెడ ఎట్లు మెలగవలెను అను ప్రశ్నను విచారించుటకు మేము సైకిలును ఉదాహరణముగా గ్రహించుచున్నాము. ఇంత చిన్న వస్తువునకు ఇంత విచారమేల యని పాఠకులు శంకింపవచ్చును. కారణము కలదు. తక్కిన విద్యలలో రానితనమును దాచుకొనుట సులభము. చదువు రానివాడు పత్రికను చేత పట్టుకొని అరుగుమీద కూర్చుండవచ్చును. సంగీతము తెలియనివాడు కచ్చేరిలో తల యూపవచ్చును. సైకిలు రానివాడు సైకిలెక్కి ఎవరిని మోసగింపగలడు? నేర్చుటయు నలుగురిలోనే, పడుటయు నలుగురిలోనే. మనుష్యుని అభిమానము ఎంతవరకు మేలైనది, ఎచ్చట నది కీడుగా మారును అని తెలిసికొనుటకు ఇంతకన్న తేటయైన పరీక్ష మాకు కనబడలేదు.

మా తలపులో నున్న ప్రదేశము అడవులదీవి. నిజాంపట్నము మండలములోని గ్రామము. 2022లో జిల్లాలను విభజించువరకు గుంటూరు జిల్లాలో నుండెను, ఇప్పుడు బాపట్ల జిల్లాలో నున్నది. తెనాలినుండి వచ్చిన రైలుదారి రేపల్లెతో ముగియును. అక్కడినుండి సముద్రమువైపు పోవువారికి రోడ్డే గతి. ఈ ప్రాంతపు నిజాంపట్నము ఒకప్పుడు డచ్చివారును ఇంగ్లీషువారును వర్తకము చేసిన రేవు. 1611లో ఇంగ్లీషువారి 'గ్లోబు' అను ఓడ యిచ్చటికి వచ్చినది. సప్తసముద్రములు దాటివచ్చిన ఓడకు అందిన రేవు, నేటికిని ఇరుగుపొరుగు పల్లెలలోని ఎందరో ఇల్లాండ్రకు ఒకరు తీసికొనిపోయిననే గాని అందకుండుట వింత గాక మరేమి?

ఇది కృష్ణ డెల్టా కొస. నేల చాప పరచినట్లుండును. ఎక్కుడు దిగుడు లేదు. సైకిలు తొక్కువారికి వరమువంటి నేల. ఐనను నేర్చువారికి అంతయు అనుకూలము కాదు. పంటకాలువ గట్టు ఇరుకు, ప్రక్కనే నీరు. సముద్రపు దరి ఇసుకలో చక్రము దిగబడును. పెద్దరోడ్డు మీద చేపలను రొయ్యలను మోయు బండ్ల రాకపోకలు. కోతలైన పిమ్మట గట్టిపడిన కళ్లము గాని, సెలవుదినముల బడి ఆవరణము గాని మాత్రమే తగిన చోటు.

ఇంటింట మోటారుసైకిలున్న యీ దినములలో సైకిలెందుకని కొందరడుగుదురు. ఇంట మోటారుసైకిలున్నమాట నిజమే. దానిని నడపువారెవరు? చాల ఇండ్లలో భర్త, లేనిచో కుమారుడు. ఇల్లాలు వెనుక కూర్చుండునది. ఆమెకు జ్వరము వచ్చినను ఆయనకు తీరిక వచ్చువరకు ఆ జ్వరము వేచియుండవలెను. ఆటో కలదందురు, అది మనుష్యులు నిండువరకు కదలదు, చీకటి పడిన తరువాత దొరకదు. ఒకరి తీరికను, ఒకరి దయను, ఒకరి యనుమతిని కోరకుండ పది నిమిషములలో మందుల దుకాణమునకు పోయి రాగలుగుట యనునది చిన్న సంగతివలె కనబడును. అది లేనివారికి మాత్రము చిన్నది కాదు. సైకిలుమీద తూకము తెలిసినవారికి మోటారుబండి నేర్చుట సగము నేర్చినట్లేయని కూడ చెప్పవలసి యున్నది.

ఒక యింటిని ఊహింతము. తల్లికి నలువది దాటినది. కూతురు బడికి తొక్కిన సైకిలు, ఆమె కాలేజీ చదువునకు రేపల్లె చేరుటతో, పంచలో గోడకు ఆనించి యున్నది. సెలవులకు వచ్చిన కూతురు దానికి దుమ్ము దులిపి, గాలి కొట్టించి, "అమ్మా, నేను పట్టుకుంటా, నువ్వెక్కు" అనును. తల్లి నోట వచ్చు మొదటి మాట "పడతానేమోనే" యనునది కాదు. "ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారే" యనునది. మోకాలు పగులునను భయముకన్న నలుగురు నవ్వుదురను భయమే ముందు వచ్చినది. ఇది మేము కల్పించిన యిల్లే. కాని ఇట్టి మాట వినని పాఠకు లుండరని మా నమ్మకము.

ఈ సిగ్గును మనము కొంచెము పరిశీలింపవలెను. మన భాషలో సిగ్గను ఒకే మాట రెండు వేరు వేరు భావములకు వాడబడుచున్నది. అన్యాయము చేసినవాడు తల దించుకొనుట ఒక సిగ్గు. తనకు రాని పనిని నలుగురిలో చేయబోయినవాడు తల దించుకొనుట మరియొక సిగ్గు. మొదటిది మనుష్యుని నడతను కాపాడును. రెండవది కాపాడునది మనుష్యుని కాదు, వాని రానితనమును. విచిత్ర మేమన, లంచము పుచ్చుకొన్నవారు తలయెత్తుకొని తిరుగుచుండ, సైకిలుమీదనుండి పడిన ఇల్లాలు వారము దినములు వాకిటికి రాదు. పడ్డవాడు చెడ్డవాడు కాడని చెప్పిన జాతియే పడినవారిని చూచి అందరికన్న ఎక్కువగా నవ్వుచున్నది.

పెద్దరికమను మాట కూడ ఇందులో చేరియున్నది. కన్నబిడ్డకు శిష్యురాలగుట తల్లికి తక్కువతనముగా తోచును. మన పురాణములలో అట్లు లేదు. కుంభకోణము చెంతనున్న స్వామిమలైలో కుమారస్వామి ఉపదేష్టగా, పరమశివుడు శిష్యుడుగా పూజింపబడుచున్నారు. ప్రణవార్థమును కొడుకు చెప్పగా తండ్రి వినెనని స్థలకథ. శివునికి లేని నామోషి మన యిండ్లలోని తల్లిదండ్రులకు ఎచ్చటనుండి వచ్చినదో తెలియదు.

ఇతర దేశములలో మాత్రము ఈ నవ్వు లేదని తలపరాదు. 1895లో రష్యా దేశపు టాల్‌స్టాయి తన అరువదియేడవ యేట మాస్కోలో సైకిలు నేర్చుకొనెను. ఆ సంవత్సరారంభముననే ఆయన ఏడేండ్లు నిండని కడగొట్టు కుమారుడు మరణించెను. నిరాడంబరతను ప్రబోధించిన మహనీయునకు ఈ వినోదము తగునా యని ఆయన అనుచరులలోనే చర్చ పుట్టినది. కొడుకును పోగొట్టుకొన్న ముసలివాడు చక్రముపై తూకము నిలుపుకొనబోవుటలో వినోదముకన్న వేరేదో యున్నదని వారికి తోచకపోవుట మాకు ఆశ్చర్యము. అదే యేట అమెరికా దేశపు మద్యపాన నిషేధోద్యమ నాయకురాలు ఫ్రాన్సిస్ విల్లర్డు తాను ఏబదిమూడవ యేట సైకిలు నేర్చిన విధమును ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. దినమునకు పదునైదు నిమిషముల చొప్పున దాదాపు మూడు నెలలు పట్టెనని ఆమె లెక్క వ్రాసినది. ఆ సైకిలునకు ఆమె ఒక పేరు కూడ పెట్టుకొనెను. దేశమంతట సభలలో ప్రసంగించిన ప్రసిద్ధురాలు, తాను ఎన్నిమారులు తడబడెనో అచ్చొత్తించి పంచుటను మేము ఆమె ఉపన్యాసములకన్న గొప్ప పనిగా నెంచుదుము.

ఇక పెద్దవారికి ఈ విద్య ఏల కష్టమగునో చూతము. ఎముకలు గట్టిపడుటయు, పడినచో దెబ్బ పెద్దదగుటయు కారణములే. అసలు కారణము వేరొకటి. సైకిలు ఎడమకు ఒరిగినప్పుడు మనుష్యుని స్వభావము హాండిలును కుడికి త్రిప్పుమనును. అట్లు త్రిప్పినవాడు తప్పక పడును. ఎడమకు ఒరిగినచో ఎడమకే త్రిప్పవలెను. అప్పుడు చక్రములు ఒరిగిన శరీరము క్రిందికి చేరి దానిని నిలబెట్టును. పడుచున్న దిక్కునకే పొమ్మనుట బుద్ధికి ఎంత విరుద్ధము! అమెరికా హాస్యరచయిత మార్క్ ట్వేను నడివయసున పెద్దచక్రపు సైకిలుతో పెనగులాడి వ్రాసిన వ్యాసములో ఈ వైపరీత్యమునే చెప్పుకొని వాపోయెను. ఆ వ్యాసము ఆయన మరణించిన పిమ్మట 1917లో గాని అచ్చుకాలేదు.

అంతియ కాదు. నిదానమే ప్రధానమని మనము జన్మమంతయు విన్నాము. సైకిలుమీద అది చెల్లదు. వేగము తగ్గినకొలది తూకము తప్పును. భయపడి మెల్లగా పోవువాడే ముందుగా పడును. మరియొకటి: దేనిని తప్పించుకొనవలెనని రెప్పవాల్పక చూతుమో దాని మీదికే బండి పోవును. త్రోవనడుమ నిలచిన గేదెకు నేర్చుకొనువాని పగ లేదు. వాడు దానినే చూచుచున్నాడు గనుక దాని యొద్దకే చేరుచున్నాడు. నలువది యేండ్లు బ్రదికి మనము కూడబెట్టుకొన్న జాగ్రత్తలన్నియు ఈ పది గజముల నేలమీద ఎదురుతిరుగును. బాలునికి ఆ జాగ్రత్తలు ఇంకను పట్టుబడలేదు గనుక వాడు సులభముగా నేర్చును.

ఈ సూత్రమును వ్రాసియిచ్చినంత మాత్రమున ఎవరును నేర్వరు. మైకేల్ పొలాన్యి అను తత్త్వవేత్త 1958లో ప్రకటించిన గ్రంథములో ఈ సంగతినే యెత్తి చూపెను. ఒరుగుడు ఇంతయైనప్పుడు వేగము యొక్క వర్గమునకు విలోమముగా వంపు తీసికొనవలెనని గణితము చెప్పును; తొక్కువారిలో ఎవరును ఆ లెక్క వేయరు, చాలమందికి ఆ లెక్క యున్నదనియే తెలియదు, ఐనను పడక పోవుచున్నారు. శాస్త్రజ్ఞులకు మాత్రము పూర్తిగా తెలిసినదా? చక్రము గిరగిర తిరుగుటవలని బలమే సైకిలును నిలుపునని చాలకాలము చెప్పుచుండిరి. 2011లో కొందరు పరిశోధకులు ఆ బలమును రద్దుచేసిన సైకిలును నిర్మించి, అది మనుష్యుడు లేకయే తూకము నిలుపుకొనుచు సాగుటను చూపిరి. 1817లో జర్మనీ దేశమున డ్రయిసు అను నతడు మొదటి రెండుచక్రముల బండిని నడిపినది మొదలు రెండు శతాబ్దులు గడచినను, మన పంచలో గోడకానిన వస్తువును గూర్చి వాదము ఇంకను ముగియలేదు. కనుక నాకు తెలియదని చెప్పుటకు నలువది యేండ్ల ఇల్లాలు సిగ్గుపడనక్కరలేదు.

ఇప్పుడు మా అసలు ప్రశ్నకు వచ్చుచున్నాము. సైకిలు నేర్పువారందరు ఒక అబద్ధమాడుదురు. వెనుక కారియరు పట్టుకొని పరుగెత్తుచు, "పట్టుకున్నాలే, తొక్కు" అనుచునే చేయి వదలుదురు. నేర్చువారు చేయి యున్నదను నమ్మకముతో ఇరువది గజములు పోవుదురు. ఆ పిమ్మట "చూశావా, నువ్వే తొక్కావు" అని చప్పట్లు. ఇందులో తప్పేమని అందరు నందురు. మేము కొంచెము ఆగి చూడగోరుచున్నాము.

మనవారు అబద్ధమునకు మినహాయింపులు ఏర్పరుపలేదని కాదు. భాగవతమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి బొంకదగిన సందర్భముల పట్టిక నొకదానిని వినిపించును. స్త్రీలు, వివాహములు, ప్రాణ విత్త మానములకు భంగము, గోబ్రాహ్మణ రక్షణము అందులో నున్నవి. విద్య నేర్పుట అందులో లేదు. ఉన్నను ప్రయోజనము లేదు. బలి ఆ పట్టికను త్రోసిపుచ్చి యిచ్చిన మాటకే కట్టుబడెను. భారతమున ధర్మరాజు ద్రోణుని వద్ద సగము సత్యము బిగ్గరగాను సగము మెల్లగాను పలికినంతనే, అంతవరకు నేలకు నాలుగంగుళముల పైన నడచిన ఆయన రథము నేలకు దిగెనని చెప్పుదురు. పట్టుకొన్నాననుట బిగ్గరగాను, వదలితినను సంగతి మౌనముగాను జరుపు మన గురువులది కూడ ఆ జాతి సత్యమే. వారి శిష్యుల బండి మాత్రము మొదటినుండియు నేలమీదనే యున్నది గనుక వారికి ఆ నష్టము తెలియకున్నది.

ఈ అబద్ధమును సమర్థించువారి వాదములో బలము లేకపోలేదు. అది స్వలాభమునకు చెప్పినది కాదు, అరనిమిషములో బయటపడును, బయటపడినప్పుడు మోసపోయినవారే సంతోషింతురు. పైగా ఈ అబద్ధము మనుష్యుని కట్టివేయుటకు గాక విడుచుటకు చెప్పబడుచున్నది. బాలుర విషయమున మేము దీనిని ఆక్షేపింపము. వాడు పడి లేచి నవ్వి మరచిపోవును.

పెద్దవారి విషయము వేరు. వెనుక చేయి లేదని తెలిసిన క్షణమున నడివయసు మనిషి ఏమి చేయును? వెనుకకు తిరిగి చూచును, చూచి పడును. అనగా ఆమెకు వచ్చినది తూకము కాదు, వెనుకనున్న చేతిమీద నమ్మకము. అది పోగానే తూకమును పోయినది. మరునాడు "పట్టుకున్నా" అని నిజముగానే పట్టుకొన్నను ఆమె నమ్మదు. ప్రతి రెండడుగులకు వెనుకకు చూచుచుండును. నిన్నటి అబద్ధము నేటి సత్యమును కూడ తినివేసినది. అంతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు. పెద్దవారిని వారి మేలుకొరకే యైనను తెలియనీయక నడిపించుట వారిని బిడ్డలుగా నెంచుట. తన శరీరమును, తన యెముకలను పందెమొడ్డునది ఆమె; ఎప్పుడు ఒడ్డవలెనో చెప్పవలసినదియు ఆమెయే.

దీనికి ఉపాయము కష్టము కాదు. "అమ్మా, ఎప్పుడో ఒకప్పుడు వదిలేస్తాను. ఎప్పుడో చెప్పను. సరేనా?" అని ముందుగా అడిగినచో చాలును. తల్లి సరేయన్న పిమ్మట కూతురు వదలుటలో మోసము లేదు. వైద్యుడు రోగిని అడిగి మత్తు ఇచ్చుటకును, అడుగక యిచ్చుటకును ఎంత భేదమో, దీనికిని అంత భేదము. ఈ మాటలో ధైర్యము చెడదా యని అడుగుదురేమో. కొంచెము చెడును. ఆ కొంచెము తల్లి మనసునకు ఇచ్చు వెల. మేము దానిని అధికమనుకొనము.

ఇంకొక ఉపాయము కలదు; అందులో పట్టుకొనువారే అక్కరలేదు. సీటును పాదములు రెండును నేలకు ఆనునంతగా దించవలెను. సైకిలు దుకాణములో రెండు పెడళ్లను విప్పించవలెను. పెడళ్లు లేని బండిమీద కూర్చుండి, పాదములతో నేలను వెనుకకు తన్నుచు, కొంచెము కొంచెము పాదములు ఎత్తి పోవుట అభ్యసింపవలెను. మొదట డ్రయిసు చేసిన బండికి పెడళ్లే లేవు. మనుష్యులు ఇట్లే పోవుచుండిరి. అనగా నేర్చువారు ఆ బండి చరిత్రను మొదటినుండి తమ కళ్లములో మరల నడిపినట్లగును. పాదములు నేలకు చేరువనే యున్నవి గనుక పడు భయము తక్కువ. తూకము కుదిరిన పిమ్మట పెడళ్లు బిగించుకొనవచ్చును. పెద్దలకు ఇది మిక్కిలి అనువైన పద్ధతి.

ఈ పద్ధతి ఏల ఫలించునో ఆలోచించినచో పట్టుకొనుటలోని లోపము బోధపడును. సైకిలు ఒరిగిననే గదా ఎటు త్రిప్పవలెనో చేతులు నేర్చునది! ఎవరో వెనుకనుండి ఒరగనీయక నిలబెట్టుచున్నంతవరకు నేర్చుటకు అవకాశమే లేదు. హాండిలును పట్టుకొనువారు మరింత అపకారము చేయుదురు. త్రిప్పవలసిన సమయమున త్రిప్పనీయరు. ఎంత ప్రేమతో ఎంత గట్టిగా పట్టుకొందురో అంత ఆలస్యముగా ఆ విద్య వచ్చును. అబద్ధమాడవలసిన యవసరము కూడ ఇందువలననే పుట్టినది: పట్టుకొనకూడని చోట పట్టుకొని, దానిని వదలుటకు ఉపాయము తోచక బొంకుట.

సైకిలును విడిచి ఇంటిలోనికి పోయినచో ఈ పట్టు ఇంకను బిగువుగా కనబడును. "మేము లేమా, నీకెందుకు?" అను మాట మన కుటుంబములలో ప్రేమవాక్యముగా చెలామణి యగుచున్నది. బ్యాంకుకు మేము పోదుము, ఆసుపత్రికి మేము తీసికొనిపోదుము, కాగితములు మేము చదువుదుము, నీవు సంతకము చేయుము. ఇది చెప్పువారిలో పెక్కండ్రు దుర్మార్గులు కారు. నిజముగానే పట్టుకొని యుందురు. సైకిలు నేర్పువాడు పట్టుకొన్నానని చెప్పి వదలును. వీరు నీకు రాదని చెప్పి వదలరు. ఒరగనీయనందున రాలేదా, రానందున ఒరగనీయలేదా యని విచారించువారు లేరు. పట్టుకొన్నవారు ఒకనాడు కాలము చేయుదురు, లేక ఉద్యోగమునకు దూరదేశము పోవుదురు. అప్పుడు అరువదవ యేట ఆమె ఆ చేయి లేకుండ మొదటిసారి ఒరుగును. వితంతువుల కష్టములను గూర్చి ఆంధ్రదేశమున నూటయేబది యేండ్లుగా వ్రాయుచున్నారు. ఈ కష్టమును గూర్చి వ్రాసినది తక్కువ.

పెద్ద వయసున నేర్పినచో ఏమగునో మన ప్రాంతములకు తెలియనిది కాదు. పాతూరి నాగభూషణముగారు 1935లో ఈ కృష్ణ డెల్టా కాలువలమీదనే గ్రంథములను పడవపై త్రిప్పి గట్టునున్న పల్లెలవారిచే చదివించిరి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ తాను జైలునుండి వచ్చిన పిమ్మట మెట్రిక్యులేషను చదివి, చదువు నడుమ నిలిచిపోయిన వయసు వచ్చిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపరచు తరగతులను మద్రాసులో నడపిరి. నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్యాతరగతులకు పోయిన స్త్రీలు, తమ వాచకములో సారాను మాన్పించిన ఆడువారి కథను చదివి, చదివినదానిని చదువుగా విడువక, 1992 నాటికి సారా దుకాణములను మూయించిరి. ఆ యుద్యమము జిల్లా జిల్లాకు ప్రాకగా 1993లో రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. మాను వంగుటయే కాదు, అది వంగినప్పుడు ప్రభుత్వములు కూడ వంగినవి.

దూబగుంట స్త్రీలు అక్షరములు దిద్దుచున్న ఆ దినములలోనే, తమిళదేశపు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము మరియొక వింత పని చేసినది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్తు ఆ యుద్యమములో అక్షరములతోపాటు సైకిలును చేర్చిరి. చదువు చెప్పుటకు ఊరూర తిరుగవలసిన స్త్రీలు ఎవరినో బ్రతిమాలుకొని వెనుక కూర్చుండి పోవుచుండిరి. అది కుదరదని తలచిరి. సైకిళ్లు కొనుటకు అప్పులిప్పించిరి. రాతిగనులలో కూలిచేయు స్త్రీలు, వ్యవసాయపు కూలీలు, అంగన్‌వాడీ పనివారు, బడిపంతులమ్మలు నేర్చుకొనిరి. నవ్వినవారు నవ్విరి, అసభ్యముగా మాటలాడినవారు మాటలాడిరి. 1992లో జరిగిన యొక ప్రదర్శనలోనే డెబ్బదివేలకు పైగా స్త్రీలు సైకిళ్లు తొక్కి చూపిరని పాత్రికేయుడు పి. సాయినాథ్ వ్రాసియున్నారు. అంతమంది ఒక్కమారు నేర్చుచుండ ఎవరిని చూచి నవ్వవలెనో నవ్వువారికి తోచకపోయి యుండును. ఒంటరిగా నేర్చు ఇల్లాలి సిగ్గునకు ఇదియే మందని మేము తలంతుము. అడవులదీవిలో ఒక్కతె కళ్లమునకు పోయినచో వింత. పదిమంది పోయినచో అది సాయంకాలపు అలవాటు.

చీర అడ్డమందురేమో. కుచ్చెళ్లు గొలుసులో చిక్కుకొనుట నిజమే. నాట్లకును, చేపల పనికిని పోవు స్త్రీలు చీరను గోచిగా బిగించుట ఈ తీరమున వాడుకయే. పొలములో మర్యాదయైనది రోడ్డుమీద అమర్యాద కానేరదు. గొలుసునకు రేకుతొడుగున్న బండిని ఎన్నుకొనుట మరింత సులభము. రోడ్డుమీది బండ్ల భయము మాత్రము ఉత్త భయము కాదు. తూకము, బ్రేకు, ఒక చేయి వదలి సైగ చేయుట ఈ మూడును కళ్లములో కుదిరినగాని పెద్దరోడ్డు ఎక్కరాదు. ఇందులో తొందరపెట్టు కూతుండ్రను తల్లులు కోపగించుకొనవచ్చును.

ఆడువారికి నడిమికడ్డీ లేని సైకిలే తగునని మనవారి యభిప్రాయము. పుదుక్కోట్టైలో మొదట అట్టివి చాలినన్ని దొరకలేదు. అందుచే ఎందరో స్త్రీలు మగవారి సైకిళ్లమీదనే నేర్చుకొనిరి. తరువాత కొందరు కడ్డీలేని బండి దొరకినను వద్దనిరట. సీటునకును హాండిలునకును నడుమనున్న ఆ కడ్డీమీద బిడ్డను కూర్చుండబెట్టుకొని పోవచ్చునని వారు కనిపెట్టిరి.